సందు మలుపులో గంట

ఉల్ఫత్ ఖాలా మూడు కెమెరాలు తిప్పి తిప్పి చూసి, మూడూ వద్దంది.

మొదటిది మరీ పెద్దది, గేటు మీద గుమ్మడికాయ పెట్టినట్టు ఉంటుంది. రెండోది చీకట్లో మనిషిని సరిగ్గా చూపించదు. మూడోది దుమ్ముకు ఆగదు. కోకంద్‌లో గాలి వీచిందంటే దుమ్ము కాక ఇంకేముంటుంది? చివరికి పిడికిలంత ఉన్నదాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఇది బాగుంది. ఉన్నట్టే తెలీదు" అంది.

బహ్రోమ్ ఉస్తా పన్నెండేళ్ళుగా కెమెరాలు బిగిస్తున్నాడు. దొంగల భయం ఉన్నవాళ్ళు పెద్ద కెమెరా అడుగుతారు, దూరం నుంచే చూసి జడుసుకోవాలని. ఈవిడేమో ఎవరికీ కనపడకూడదంటోంది. దొంగల బెడద ఎక్కువా అని అడిగితే, నిరుడు ఎవరిదో రబ్బరు చెప్పుల జత పోయిందని చెప్పింది.

తర్వాత సెన్సర్ సంగతి. పిల్లి నడిస్తే మోగుతుందా, మల్బరీ కొమ్మ ఊగితే మోగుతుందా అని ఆరా తీసింది. అది ఒంటి వేడిని బట్టి మనిషిని పసిగడుతుందని, పిల్లులను లెక్కలోకి తీసుకోకుండా ఎత్తులో బిగిస్తానని బహ్రోమ్ నచ్చజెప్పాడు. గేటు దగ్గర సైరన్ కూడా పెట్టమంటారా అని అడిగాడు.

"సైరన్ ఎందుకు నాయనా, మొహల్లా అంతా లేచి కూచోడానికా? నా జేబులో ఫోన్ వణికితే చాలు. మలుపు తిరిగిన మనిషి మా గేటు చేరడానికి నలభై అడుగులు. ఆ మనిషి ఇంకా మలుపులో ఉండగానే నాకు తెలియాలి."

"మరి గేటు ముందు తిరిగేవాళ్ళు?"

"అక్కడ అక్కర్లేదు. గేటు ముందు సంగతి నేను చూసుకుంటాను."

అంతలో కోడలు నఫోసత్ టీ తెచ్చింది. పెళ్ళయి రెండు నెలలు. ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి రాత్రి రెండు దాటుతుంది. వంగి సలాం చేసి, గిన్నె అందిస్తూ నిలబడే ఒక కునుకు తీసింది.

"ఇక్కడేం పని నీకు? లోపలికి పో" అంది అత్త.

పిల్ల తల వంచుకుని వెళ్ళిపోయింది. బహ్రోమ్ టీ గిన్నె పక్కన పెట్టేశాడు.

ఆ సందులో కొత్త కోడలు పొద్దు పొడవకముందే గేటు ముందు ఊడ్చి నీళ్ళు చల్లాలి. ఒక్క రోజు తప్పినా, ఐదున్నరకి రొట్టెల కోసం ఆ దారినే పోయే ముకర్రమ్ కళ్ళు ఊరుకోవు. ఆవిడ నోట్లో పడితే మధ్యాహ్నానికల్లా ఆ పిల్ల పుట్టింటిదాకా పరువు పోతుంది. అలా పేరు పోగొట్టుకుని బట్టల మూటతో వెనక్కి వచ్చిన పిల్లలు ఆ ఊళ్ళో ఉన్నారు.

బహ్రోమ్ చెల్లెలు జులైహోని మార్గిలాన్‌లో ఇచ్చారు. ఆమె అత్త రోజూ తెల్లారకముందే గేటు దగ్గర నిలబడి, చీపురు వేటు వేటుకీ ఒక తిట్టు వడ్డిస్తుంది. ఎవరి అడుగుల చప్పుడైనా వినపడిందో, "నా బంగారు తల్లి, ఎంత కష్టపడుతోందో" అని రాగం మారుస్తుంది. ఆవిడవి పాము చెవులు. ఈ ఖాలాకి చెవులు మందగించాయి కాబోలు, యంత్రం కొనుక్కుంటోంది. కనపడని కెమెరా, చప్పుడు లేని గంట, మలుపు మీదే చూపు. అంతా తేటతెల్లమైంది బహ్రోమ్‌కి.

గేటు మీద సందు వైపు కెమెరా, మలుపులో సెన్సర్ బిగించి నిచ్చెన దిగాక, ఖాలా ఫోన్‌లో అన్నీ అమర్చాడు. అమరుస్తూ అమరుస్తూ, ఉదయం ఐదు నుంచి ఆరు దాకా గంట మోగకుండా నొక్కేశాడు. ఒక్కరోజైనా ముకర్రమ్ చెవిన పడనీ ఈవిడ పాట, అనుకున్నాడు.

మూడో రోజు పొద్దున్నే ఫోన్ వచ్చింది.

"ఉస్తా, నీ యంత్రం నా కొంప ముంచేది. ముకర్రమ్ దగ్గరిదాకా వచ్చేసింది, నా జేబులో ఉలుకూ లేదు పలుకూ లేదు. ఎవరో పిలిస్తే వెనక్కి తిరిగింది కాబట్టి సరిపోయింది. లేకపోతే మా ఇంటి పేరు మట్టిలో కలిసేది."

బహ్రోమ్ ఈల వేసుకుంటూ వెళ్ళాడు. గేటు దగ్గర ముకర్రమే నిలబడి ఉంది, చంకలో వేడి రొట్టెలతో. నఫోసత్ లాంటి కోడలు ఏడు సందులు వెతికినా దొరకదని, రెండింటికి ఇల్లు చేరిన పిల్ల ఐదింటికి సందంతా అద్దంలా తుడుస్తుందని, ఆ మాట చెప్పి చెప్పి తన కోడలి ముందు తన నోరు అరిగిపోయిందని అతనికి ఏకరువు పెట్టింది. ఉల్ఫత్ ఖాలా నేల చూపులు చూస్తూ ఊ కొట్టింది. మెచ్చుకోలుగా ఒక్క మాట కలపలేదు. ఎంత రాతి గుండె, అనుకున్నాడు బహ్రోమ్.

ముకర్రమ్ వెళ్ళిపోయింది. ఖాలా తన ఫోన్ అతని చేతికిచ్చి, టీ పెట్టడానికి లోపలికి నడిచింది.

గంట మోగినా మోగకపోయినా కెమెరా తన మానాన తాను చూసిందంతా కార్డులో దాచుకుంటుంది. ఆ సంగతి ఖాలాకి తెలీదు. బహ్రోమ్ నిన్న పొద్దుటి రికార్డింగు తీశాడు. ఐదుంబావు దగ్గర ఆపాడు. తిట్లు బాగా వినపడాలని సౌండ్ పూర్తిగా పెంచి, ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకున్నాడు.

చీపురు చప్పుడు తప్ప ఇంకేమీ వినపడకపోయేసరికి తెర వైపు చూశాడు: మసక వెలుతురులో కోడలి పూల అంగీ తొడుక్కుని, తలగుడ్డ కళ్ళదాకా లాక్కుని, ఉల్ఫత్ ఖాలా ఒక్కతే గబగబా సందు ఊడుస్తోంది.