ముల్లు దిగితేనే

ముల్లు కదల్లేదు.

దయామణి లేచి క్వారీ అంచుదాకా వెళ్ళింది. నిలవలేక మళ్ళీ రేకుల షెడ్డులోకి వచ్చింది. మీటరు ముల్లు అక్కడే ఉంది.

అది 1988. గురజాల దగ్గరి సున్నపురాయి క్వారీలో, కొండబండ మీది నెర్రెకు అడ్డంగా వెంట్రుకంత గాజు దారం అతికించి, దాని కొసను షెడ్డులో బల్ల మీది మీటరుకు కలిపింది. ఆ దారంలో ఎప్పుడూ వెలుతురు పారుతుంటుంది. బండ కదిలి దారం సాగినా, ఎండకు కాగినా, ఎక్కడన్నా మెలిపడినా వెలుతురు తగ్గుతుంది, ముల్లు దిగుతుంది. దాన్ని పరీక్షించడానికే ఆమెను మద్రాసు నుంచి పంపారు.

పొద్దున ఆమె ఇంకో నెర్రె చూసింది. దారానికి చాలా అవతల. కొత్తది. అందులోంచి తెల్లటి పొడి రాలుతోంది. దాని కిందే కూలీల గుడిసెలు.

పరుగున మేనేజరు పుల్లారావు దగ్గరికి వెళ్ళింది.

"మీ మిషను ఏమంటందమ్మా?" అన్నాడాయన.

"దారం అక్కడిదాకా లేదండీ. కళ్ళతో చూశాను."

"కళ్ళతో నేనూ రోజూ చూస్తానే ఉన్నా. గుడిసెలు లేపితే పని ఆగిపోద్ది. పైవాళ్ళకి ఏం జెప్పుకోను? ముల్లు దిగితే అప్పుడు పిలువు."

మధ్యాహ్నం దాటాక పిలిచింది.

పుల్లారావు మీటరు మీదికి వంగాడు. ఆయన చూస్తుండగానే ముల్లు జారింది. ఇంకా జారింది. ఆయన మొహం పాలిపోయింది.

"ఒరేయ్, గుడిసెలు ఖాళీ చేయించండ్రా!"

"పొయ్యి మీద ఎసరు మరుగుతా ఉంది, ఇప్పుడు యాడికి పొమ్మంటారు?" కోటమ్మ అనే కూలీ ఎదురు తిరిగింది.

దయామణి కోటమ్మ పిల్లాణ్ణి చంకనేసుకుని నడిచింది. తిట్టుకుంటూ కోటమ్మ వెంటపడింది.

అందరూ రోడ్డు మీద నిలబడ్డారు. ఏమీ జరగలేదు. గొణుగుడు మొదలైంది. పుల్లారావు దయామణి వంక గుర్రుగా చూశాడు.

అప్పుడు బండ విరిగింది.

దుమ్ము అణిగేసరికి గుడిసెలు లేవు. కోటమ్మ పిల్లాణ్ణి లాక్కుని గుండెకు అదుముకుంది.

"ఏం మిషనమ్మా అది! ఇంతమంది ప్రాణాలు నిలబెట్టింది," అన్నాడు పుల్లారావు.

ముల్లును దించింది బండ కాదు, బల్ల కింద ఆ గాజు దారాన్ని వేలికి బిగించి చుట్టిన దయామణి.