రేవు కొలువుకి ఏ రంగు?

శార్వరి నామ సంవత్సరం, మృగశిర కార్తె. వాగుకి కొత్తనీరు వచ్చింది. లోతు తెలియక గున్న ఏనుగులు జారిపడుతున్నాయి. అందుకని రేవు దగ్గర, దాటదగ్గ చోట గుర్తుగా నిలబడేవాళ్ళు కావాలని పెద్ద ఏనుగమ్మ చాటింపు వేయించింది. జీతం, మంద మీద వాలే ఈగలన్నీ.

ఆ మాట వినగానే ఊసరవెల్లికి కాలు ఒకచోట నిలవలేదు. ఎండాకాలమంతా పస్తులున్న ప్రాణం మరి! తెల్లారుతూనే కొమ్మెక్కి ఒక్కో రంగూ వేసి చూసుకోసాగింది.

"ఎర్రగా వెళ్ళవయ్యా, మొహం వెలుగుతుంది," అంది పెళ్ళాం.

"ఎరుపా? వెళ్ళేది పెళ్ళికా?" అని కిందికొమ్మ మీది ఉడుత కిచకిచలాడింది. "పెద్దల ముందుకు అణకువగా వెళ్ళాలి మావా. కంటికి కొట్టినట్టుంటే కొలువెవరిస్తారు?"

ఆ మాట ఊసరవెల్లికి తెగ నచ్చింది. ఆకుపచ్చ వేసి తీసేసింది, పసుపు వేసి తీసేసింది. చివరికి రేవులో దిగి అక్కడి బురద రంగునే, గులకరాళ్ళ మచ్చలతో సహా, ఒంటికి దించుకుంది. జన్మలో అంత చక్కగా ఎప్పుడూ కుదరలేదు! కొలువు తనదేనని దాని గుండె గంతులేసింది.

ఏనుగమ్మ వచ్చి అటూ ఇటూ చూసింది. "ఒక్కరూ రాలేదేం?"

"వచ్చానమ్మా! మీ ముందే ఉన్నాను! ఎలా ఉన్నానంటారు?"

"ఎక్కడ నాయనా?" అంటూ ఏనుగమ్మ వెతకడానికి ఒక అడుగు ముందుకేసింది.

కొలువు, ఉన్న ఒక్క తెల్లబట్టతో వచ్చిన కొంగకి దక్కింది. ఊసరవెల్లికి తోక సగం పోయింది.