ముప్పై సెకన్ల ఫోటో

రాత్రి షిఫ్టు ఆడవాళ్లను లోపల కూర్చోబెట్టి బయట తాళం వేసే కుట్టు కంపెనీ యజమానులారా, ఇది మీ నిర్వాకమే!

ఆ వీధిలో ఒక ఎలక్ట్రీషియన్ కొత్తగా కెమెరా నేర్చుకుంటున్నాడు. చేత్తో తీసినవన్నీ మసకబారుతున్నాయని స్టాండు కొన్నాడు. ఆ రాత్రి కంపెనీ వెనుక సందులో, తాళం వేసిన తలుపును, కెమెరా కన్ను ముప్పై సెకన్లు తెరిచి ఉంచి, ఒకే ఫోటో తీశాడు. అంతసేపు కదలకుండా నిలబడితే తప్ప మనిషి అందులో స్పష్టంగా పడడు. సందులో నరమానవుడు లేడు.

ఫోటోలో మాత్రం తలుపు బయట పదకొండు మంది ఆడవాళ్లు స్పష్టంగా నిలబడి ఉన్నారు. చివరి మనిషి, లోపల షిఫ్టులో ఉండాల్సిన అతని అక్క.

ఫోన్ చేశాడు. "అక్కా, బయటికొచ్చావా?"

"తాళమేస్తే ఎలా వస్తాన్రా, గాల్లో ఎగిరా? పదకొండు మందిమీ మిషన్ల మీదే ఉన్నాం." ఆమె దగ్గింది. "ఏదో కాలుతున్న వాసనరా."

అతను గేటు దగ్గరికి పరుగెత్తి, ఓనరుని అడగాలన్న వాచ్‌మన్ చొక్కా పట్టుకున్నాడు.

"ఓనరుని అడిగేది తర్వాత. ముందు ఆ తాళం పగలగొట్టు!"