నాలుగో నంబరు నలుపు

"ఎవరు రాశారో ఆ సిరానే చెబుతుంది సార్," అంది కొత్తమ్మాయి.

పెద్దక్కకు ఒళ్ళు మండిపోయింది. ఈ ఉపాయం కూడా దానికే తట్టాలా? రంగుల ఫ్యాక్టరీ ల్యాబులో పద్దెనిమిదేళ్ళు చాకిరీ చేసింది తను. మొన్న వచ్చిన ఈ పిల్లను ఇన్‌ఛార్జి కుర్చీలో కూర్చోబెట్టాలని మేనేజరు ఆరాటం. అంతలో ఆయన బల్ల మీదికి ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. ఆ పిల్ల పరీక్షలు చేయకుండానే ఫలితాలు రాసేస్తోందని, ఎడమచేత్తో గీకిన వంకర రాత.

"నమూనాలు గుట్టపడి ఉంటే ఈ ఆటలెందుకు సార్?" అంది పెద్దక్క.

"తేలాలమ్మా. రాసినవాళ్ళు దొరికితే ఈరోజే ఇంటికి."

అటెండరు కొక్కేలకున్న కోట్ల జేబుల్లోంచి పెన్నులన్నీ ఒకే బీకరులోకి ఏరుకొచ్చాడు. అయిదూ నల్లవే. ఏది ఎవరిదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

కొత్తమ్మాయి ఒక్కో పెన్నుతో ఒక్కో ఫిల్టరు కాగితం పట్టీ మీద చుక్క పెట్టి నంబరు వేసింది. ఉత్తరంలో ఓ ముక్క కత్తిరించి, నానబెట్టి, ఆ సిరాతో ఆరో చుక్క పెట్టింది. పట్టీల కొసలు స్పిరిటులో తగిలేలా వేలాడదీసింది. తడి పైకి పాకుతూ నలుపును విడదీసింది. ఒకదాంట్లో నీలం, గులాబీ, ఇంకోదాంట్లో పసుపు.

"భలే చెయ్యి," అన్నాడు మేనేజరు.

తనను ఒక్కనాడైనా ఆ మాట అన్నాడా? అది అసూయేనని పెద్దక్కకు తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గితే ఇంకేం.

ఉత్తరం పట్టీలో ఊదా, దాని పైన ఆకుపచ్చ తేలాయి. నాలుగో పట్టీలోనూ అచ్చం అంతే.

"నాలుగు ఎవరిది?"

కొత్తమ్మాయి అందరి వంకా చూసింది. పెద్దక్క ముఖం దగ్గర ఆ చూపు కాస్త ఆగింది.

"నాదే సార్."

మేనేజరు తెల్లబోయాడు. "నీ మీద నువ్వే రాసుకున్నావా?"

"ఆ కుర్చీ నాకొద్దు సార్. అక్క ఉండగా నేను కూర్చోవడమేంటి? చెబితే మీరు వినరని అలా చేశాను."

"అయితే నా మాటా మాటే. సామాను సర్దుకో." ఆయన పెద్దక్క వైపు తిరిగాడు. "ఇక కుర్చీ మీదేనమ్మా."

గుమ్మం దాటుతున్న పిల్లను చూస్తుంటే పెద్దక్క కడుపు ఇంకా మండుతూనే ఉంది. అంత తేలిగ్గా వదిలేసుకోవడం కూడా దానికే చేతనైంది.

నాలుగో పెన్ను పెద్దక్కది.