రెండో సంచి

“నోరు తెరువు. ఇప్పుడు వేసుకుంటే నర్సు వచ్చేసరికి దిగిపోతుంది.”

లెక్కల మాస్టారు కళ్లజోడు డబ్బాలోంచి జ్వరం మాత్ర తీసి భార్య నాలుక మీద పెట్టారు. గ్లాసు అందిస్తే ఆవిడ పళ్లు దానికి తగిలి టకటకమన్నాయి.

“ఒళ్లు కాలిపోతోందండీ. డాక్టరమ్మకు చెప్పేద్దాం.”

“చెప్పి? పక్క మంచం డ్రైవరును చూశావుగా. జ్వరమొచ్చిందని నోరు జారాడు. గంటలో మూటాముల్లెతో సహా తోసుకెళ్లిపోయారు. మంచం మీద దుప్పటి కూడా మార్చేశారు!”

ఆవిడది రక్త క్యాన్సర్. ఉన్న మందులన్నీ చేతులెత్తేశాక ఈ కొత్త చికిత్స దొరికింది. ఎవరో దాత రక్తంలోంచి తీసిన కణాలకు ల్యాబులో క్యాన్సర్‌ను గుర్తుపట్టడం నేర్పి, సంచుల్లో నింపి ఎక్కిస్తున్నారు. ఇంకా ప్రయోగాల దశలోనే ఉంది. మొదటి సంచి అందరికీ ఎక్కిస్తారు, ఆవిడకూ ఎక్కించారు. రెండోది మాత్రం డాక్టర్లు ఎంచినవాళ్లకే. అది కూడా పడితేనే బతుకు మీద ఆశ. తన చొక్కాలు ఏ బీరువాలో ఉంటాయో కూడా తెలియని మాస్టారికి, ఆవిడ లేని ఇల్లు ఊహకే అందేది కాదు.

“జ్వరం వస్తే దాచకండి, వెంటనే చెప్పండి. ఎవరూ ఏమీ అనరు,” అంది డాక్టరమ్మ మొదటిరోజే, నవ్వుతూ.

ఆ నవ్వు మాస్టారికి కొత్తేమీ కాదు. సర్వీసంతా పరీక్ష హాల్లో ఆయన నవ్విన నవ్వే అది. “చీటీలుంటే మీ అంతట మీరే ఇచ్చేయండర్రా, ఏమీ అనను,” అనేవారు. నమ్మి ఇచ్చిన వెర్రిబాగులవాళ్లను అక్కడికక్కడే బయటికి నెట్టేవారు. ఆ ఏడుపు మొహాలు గుర్తొస్తే ఆయనకు ఇప్పటికీ నవ్వే వస్తుంది. అలాంటి మనిషి ఈ డాక్టరమ్మ బుట్టలో పడతారా?

నర్సు వచ్చి థర్మామీటరు పెట్టి చూసింది. “నార్మలే,” అంది చిన్నగా.

వెనకే వచ్చిన డాక్టరమ్మ మంచం అంచున కూర్చుంది. “ఒక్కసారైనా జ్వరం రాలేదా అమ్మా? చలి? వణుకు?”

ఆవిడ భర్త వైపు చూసింది.

“నిక్షేపంలా ఉందండీ,” అన్నారు మాస్టారు.

“నిజంగా?”

“పిల్లలకు పాఠాలు చెప్పిన నోరండీ ఇది. అబద్ధమెందుకు ఆడుతుంది?”

డాక్టరమ్మ మంచం మీంచి లేచింది. తల వంచుకుని వెళ్లిపోయింది.

“తప్పు దొరకలేదుగా, అందుకే మొహం అలా వేలాడేసింది,” అన్నారు మాస్టారు గుసగుసగా.

“పిల్లలు చీటీ పెడితే చెవి మెలేసేవారు. ఇప్పుడు మీరు చేస్తున్నదేంటండీ?” ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “నాకెందుకో భయంగా ఉంది.”

“పిచ్చిదానా, నీకోసమేగా! రెండో సంచి పడనీ, ఆ తర్వాత నీ ఇష్టమొచ్చినంత జ్వరం తెచ్చుకో.”

ఆవిడ నవ్వలేక నవ్వింది. ఆయన రెండు దుప్పట్లు కప్పి, వణుకు బయటికి కనిపించకుండా అంచులు నొక్కి పట్టుకున్నారు.

మర్నాడు డాక్టరమ్మ ఆయన్ను వరండాలోకి పిలిచింది. కుర్చీ చూపించినా ఆయన కూర్చోలేదు. మంచి వార్త నిలబడే వినాలనుకున్నారు.

“రెండో సంచి ఇవాళేనా అండీ?”

“ఆవిడను ఇంటికి తీసుకెళ్లండి. మా దగ్గర ఇంక ఇచ్చేదేమీ లేదు.”

“అదేంటి! మరి ఆ సంచి?”

“ఆ డ్రైవరుకు ఎక్కించాక మిగిలింది ఒక్కటే. వరుసలో ఉన్న ఇంకొకావిడకు పొద్దున్నే ఎక్కించేశాం.”

మాస్టారి గొంతు లేచింది. “అన్యాయమండీ! మా ఆవిడకు ఒక్కసారైనా జ్వరం వచ్చిందా? మీరే చెప్పండి, ఒక్కసారైనా వచ్చిందా?”

డాక్టరమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

“ఎక్కించిన కణాలు క్యాన్సర్‌తో పోరాడుతుంటే ఒళ్లు కాలుతుంది. మేం ఎదురుచూసింది ఆ జ్వరం కోసమే మాస్టారూ.”