ఒంటిచెవి మాష్టారు

"చెదలు తినేశాయండీ," అన్నాడు రికార్డు రూము గుమాస్తా, తలెత్తకుండానే.

పై అరలోని ఏ రిజిస్టరు అడిగినా ఆయన జవాబు అదే. నిచ్చెనెక్కితే మోకాళ్లు పట్టేస్తాయి మరి. పాపం చెదలు, తినని కాగితాలకు కూడా మాట పడుతున్నాయి.

ఎదురుగా ఉన్న ముసలాయన కదల్లేదు. చరిత్ర పుస్తకాలు రాస్తాడట. మూడు రోజులుగా తిరుగుతున్నాడు. ఎడమ చెవి సగమే ఉండటంతో గుమాస్తా ఆయనకు 'ఒంటిచెవి మాష్టారు' అని పేరు పెట్టేశాడు.

"అరవై ఏడేళ్ల కిందటి వరద రిజిస్టరు బాబూ. నేను పుట్టిన ఊరు అందులో ఉంది."

"ఏ ఊరు?"

"ఇప్పుడు లేదు. వాగు పక్కన కొత్త కాలనీ వేశారే, అక్కడే ఉండేది."

గుమాస్తా ముఖం మాడిపోయింది. ఆ కాలనీలో చేరి ఆయనకింకా నెల కూడా కాలేదు.

"రేపు కలెక్టరు గారి మీటింగులో ఆ కాగితం చూపిస్తే, వానలకు ముందే జనాన్ని ఖాళీ చేయిస్తారు. ఉత్తి మాటైతే ఎవరు నమ్ముతారు?"

"తినేశాయని చెప్పానా లేదా?"

ముసలాయన పై అర వంక ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

మర్నాడు మీటింగులో ఆయన్ని నవ్వి పంపేశారని తెలిసి, గుమాస్తా కూడా నవ్వుకున్నాడు.

వానలు మొదలయ్యాయి. మూడో రోజు మధ్యాహ్నం భార్య ఫోన్ చేసింది.

"ఏవండీ, వాగు వీధిలోకొచ్చేసింది! పాపని తీసుకుని డాబా మీదికెక్కాను. మీరు తొందరగా..."

ఫోన్ తెగిపోయింది. మళ్లీ చేస్తే కలవలేదు.

గొడుగు కూడా లేకుండా పరుగెత్తాడు. వంతెన దగ్గర పోలీసు ఆపేశాడు.

"అవతలికి దారి లేదు సార్."

"మా ఆవిడ, పాప అక్కడే ఉన్నారండీ!"

"పడవలు రావాలి. అప్పటిదాకా ఎవరూ ఏం చేయలేరు."

తడిసిన బట్టలతోనే ఆఫీసుకొచ్చి పడ్డాడు. ఆ పాత వరదలో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో తెలిస్తే చాలు. గబగబా నిచ్చెనెక్కాడు. మోకాళ్ల సంగతే గుర్తు రాలేదు.

రిజిస్టరు నిక్షేపంలా ఉంది.

'గంటలో రెండు నిలువుల నీరు,' అని రాసి ఉంది. ఆయన డాబా కూడా సరిగ్గా అంతే ఎత్తు.

కింద మూడు పేజీల నిండా చనిపోయినవాళ్ల పేర్లు. వేలితో ఒక్కొక్కటే దాటుకుంటూ ఆఖరి వరుసకు వచ్చాడు.

'ఊరు మొత్తానికి ప్రాణాలతో దొరికినది ఒక్కరే. మూడేళ్ల మగపిల్లవాడు. ఎడమ చెవి సగం తెగి ఉన్నది.'