పదిహేను నిమిషాల టోకెన్

"మళ్ళీ పాస్‌వర్డ్ అడుగుతోంది గలీహ్, నీ సైటు!" కాన్పు గదిలోంచి వచ్చిన నర్సు సుమర్నీ కుర్చీలో కూలబడింది.

"కొత్త లాగిన్ టోకెన్ గడువు పదిహేను నిమిషాలేనమ్మా, అది దాటితే సైటు మళ్ళీ లాగిన్ అడుగుతుంది. భద్రత కోసం నేనే పెట్టాను."

"పదిహేను నిమిషాల్లో కాన్పు అవుతుందటయ్యా? సగం నింపిన ఫారం కాస్తా పోయింది."

"మరి తల్లి బీపీ, బిడ్డ బరువు ఎక్కడ రాసుకున్నారు?"

ఆమె చొక్కా చెయ్యి పైకి లాగింది. మణికట్టు నుంచి మోచేతి దాకా పెన్నుతో రాసిన అంకెలే.

లోపల మరో గర్భిణి కేక పెట్టింది. సుమర్నీ లేచి కుళాయి తిప్పి, సబ్బు అందుకుని, ఆగింది.

"మోచేతుల దాకా కడుక్కోవాలి నాయనా. ఈ అంకెలు తొందరగా సైటులో ఎక్కించు."

గలీహ్ కంప్యూటర్లో పాస్‌వర్డ్ కొట్టాడు. పేజీ తెరుచుకోలేదు, తిరుగుతూనే ఉంది.

అతను తన చొక్కా చెయ్యి మడిచి, పెన్ను తీశాడు.